నట్ల మీద పసుపు గీతలు

పొద్దున్నే పాలకని కిందికి దిగిన కౌశిక్, కార్‌పార్కులో తన కారు దగ్గర ఎవరో ఉండటం చూశాడు.

ఒక ముసలాయన. వెనక చక్రం ముందు గొంతుక్కూర్చుని, స్పానర్‌తో నట్టు తిప్పుతున్నాడు.

కౌశిక్ ఇంగ్లీషులో గద్దించాడు. ఆయన తెలుగులో జవాబిచ్చాడు.

“బిగిస్తున్నాను బాబూ. ఈ రింగులు తీయించీండి. నట్టు నాలుగు మరలే పట్టింది. పాపని ఎక్కించుకు తిరుగుతున్నారు.”

“మా పాప సంగతి మీకెలా తెలుసు?”

ఆయన స్పానర్‌ని గుడ్డలో చుట్టుకుని మెట్ల వైపు వెళ్లిపోయాడు.

రింగులంటే స్పేసర్లు. చక్రానికీ ఇరుసుకీ మధ్య పెడతారు. చక్రాలు బయటికి జరిగి కారు వెడల్పుగా కనిపిస్తుంది, మలుపులో గట్టిగా నిలబడుతుంది.

కంప్యూటర్లలో వై2కే పని గండం గడిచిన సంతోషంలో, ఈ పరాయి దేశంలో, క్లెమెంటి అనే పేటలో ఇంకా అద్దె ఫ్లాటులో ఉండగానే కౌశిక్ పాత కారొకటి కొన్నాడు. ఆఫీసులో కుర్రాళ్లు చెబితే స్పేసర్లు పెట్టించాడు. ఆ కారంటే అతనికి ప్రాణం.

ఆ రోజే, వాటిని పెట్టిన వర్క్‌షాపుకి ఫోన్ చేసి అడిగాడు. యజమాని ముందు నవ్వాడు. ముసలాయన ఎలా ఉంటాడో అడిగాక నవ్వు ఆపేశాడు. తర్వాత, అలాంటి పిచ్చివాళ్లు ఉంటారని, మళ్లీ వస్తే పోలీసులకి చెప్పమని ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం అత్తగారు ప్రభావతి కారెక్కబోతూ ఆగిపోయింది.

ప్రతి నట్టు మీదా సన్నటి పసుపు గీత. నట్టు మీద మొదలై చక్రం మీదికి సాగింది. నాలుగు చక్రాలకీ అంతే.

“ఎవరో ఏదో చేశారు బాబూ. పూజ చేసిన పసుపైతే బొట్టులా ఉంటుంది. గీతలేమిటి?”

కౌశిక్‌కి అలాంటి నమ్మకాలు లేవు. అయినా పాప పేరెత్తిన ఆ గొంతు గుర్తొచ్చింది. థిన్నర్ తెచ్చి గీతలన్నీ తుడిచేశాడు.

రెండు రోజుల్లో గీతలు మళ్లీ వచ్చాయి.

మూడో రోజు తెల్లవారుతుండగా కౌశిక్ స్తంభం చాటున కాపు కాశాడు. ముసలాయన రాగానే పోలీసులకి ఫోన్ చేశాడు. వాళ్లు వచ్చి పేరు రాసుకున్నారు, ఇంకెప్పుడూ ఇక్కడ కనపడవద్దని చెప్పారు. ఆయన వెళ్తూ వెళ్తూ చక్రం వైపే చూశాడు.

కౌశిక్ గీతలు మళ్లీ తుడిచాడు.

ఆ తర్వాత ఆయన రాలేదు. కానీ రోజూ పొద్దున కారు తీసేటప్పుడు, వెనక చక్రం దగ్గర ఎవరో వంగి ఉన్నట్టే అనిపించేది. దిగి చూసేవాడు. ఎవరూ ఉండేవారు కాదు. పాప మాత్రం కారు కిటికీలోంచి చూసి, ఇక్కడి యాసలో “తాతా నో కమ్ లా” అనేది.

మూడు వారాలకి, బెడోక్‌లో స్నేహితుల ఇంటికి వెళ్తుంటే ఎక్స్‌ప్రెస్‌వే మీద స్టీరింగ్ వణికింది. వెనక నుంచి టక్ టక్‌మని చప్పుడు. పాప వెనక సీట్లో నిద్రపోతోంది.

ఎలాగో పక్కకి తీసి ఆపాడు. వెనక చక్రానికి రెండు నట్లు లేవు. మిగిలినవి వేలితో తిప్పితే తిరుగుతున్నాయి.

కారుని లాక్కెళ్లిన టైర్ల షాపులో చైనీస్ అంకుల్ చక్రం విప్పి, రింగు తీసి చూశాడు. ఇది నిలవడానికి పెట్టింది కాదు, ఇన్నాళ్లూ ఎవరు బిగిస్తూ వచ్చారని అడిగాడు.

కౌశిక్ వంగి ఆ రింగు వైపు చూశాడు.

అంకుల్ ఒక నట్టు సందులో మిగిలిన పసుపు రంగుని గోటితో చూపించాడు. నట్టు వదులైతే గీత రెండు ముక్కలవుతుంది, చూడగానే తెలుస్తుంది. ఇంత సన్నగా గీసే మెకానిక్ తనకు తెలిసి ఒక్కడే, బూన్ లే పేటలో ఉండే నూకరాజు అన్నాడు. బ్లాకు నంబరు కూడా చెప్పాడు.

మర్నాడే కౌశిక్ వెళ్లాడు. ఏమని క్షమించమనాలో దారంతా నేర్చుకున్నాడు.

తలుపు తీసిన అమ్మాయి పేరు సుభద్ర. నూకరాజు కూతురు. ఆమె వెనక, గోడవారగా, దీపం వెలుగుతోంది.

“నాన్న పోయారు అన్నా. గుండె ఆగిపోయింది. పదకొండో రోజు నిన్ననే అయింది.”

కౌశిక్ దీపానికి చేతులు జోడించాడు. క్లెమెంటిలో తన కారుకి ఆయన సాయం చేశారని, తను తెలుసుకోలేకపోయానని ఎలాగో చెప్పాడు.

సుభద్ర అతని వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో.

“ఆ క్లెమెంటి కారు మీదేనా?” అంది నెమ్మదిగా. “దానికి రింగులు బిగించనన్నారనే, ఇరవై ఏళ్లు చేసిన వర్క్‌షాపులో నాన్నని పనిలోంచి తీసేశారు, మర్నాటి నుంచే మొదటి బస్సెక్కి మీ దగ్గరికి వచ్చేవారు.”