ఎర్రమూత, నీలంమూత

అత్తగారి కాలి బొటనవేలు వాచి, దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతున్నట్టుంటే, అల్లుడనేవాడు నాలుగు చోట్ల విచారించి మంచి మందు తెచ్చిపెట్టాలి. ఈ అల్లుడు చీటీలు తీయించాడు! కన్నతల్లి చేత ఒకటి, అత్తగారి చేత ఒకటి. అత్తగారికి ఎర్రమూత సీసా వచ్చింది. తల్లికి నీలంమూత సీసా.

“ఇందులో అసలు మందేది బాబూ?” అని ఆవిడ అడిగితే, “నాకూ తెలీదత్తయ్యా” అనేశాడు. ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలీదంటే నమ్మొచ్చు. తను చేసిన మందు ఏ సీసాలో ఉందో తెలీదంటే ఎవరు నమ్ముతారు?

పాపం, అతనికి నిజంగానే తెలియదు. గలిజేరు, పల్లేరు మొక్కల నుంచి సారం తీయడం, అది వేళ్ళ వాపుకి కారణమయ్యే యూరిక్ యాసిడ్‌ను తగ్గిస్తుందా, కిడ్నీలను కాపాడుతుందా అని పరీక్షించడం అతని ఉద్యోగం. పరీక్షలో చేరిన కొద్దిమందిలో సగం మందికి ఆ సారం, సగం మందికి ఉత్త రంగునీళ్ళు. రెండూ ఒకే చేదు. సీసాల మీద ఏ రాతా ఉండదు, మూత రంగే గుర్తు. ఏ రంగు ఏమిటన్నది కంపెనీలో మేడమ్ ఒక్కరికే తెలుసు.

వియ్యపురాళ్ళిద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. వాచిందీ ఇద్దరికీ ఆ వేలే. అత్తగారి కూతురు వాళ్ళకి ఎర్రమూతమ్మ, నీలంమూతమ్మ అని పేర్లు పెట్టేసింది.

“మావాడు పెళ్ళాం గీసిన గీటు దాటడు వదినగారూ. అసలు మందు మీకే ఇచ్చుంటాడు” అని నీలంమూతమ్మ నవ్వేది.

“ఎంత మాట! కన్నతల్లిని కాదని అత్తకిచ్చే కొడుకులు ఇంకా పుట్టలేదు లెండి” అని ఎర్రమూతమ్మ నవ్వేది.

నవ్వి ఊరుకుంటే బాగుండేది. వారం వారం కొత్త సీసాలు రాగానే, మధ్యాహ్నం వియ్యపురాలు కునుకు తీసే వేళ చూసి, ఎర్రమూతమ్మ ఫ్రిజ్ తెరిచి ఆ సీసా మూత ఈ సీసాకీ ఈ సీసా మూత ఆ సీసాకీ బిగించేసేది. మర్నాడు టిఫినయ్యాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, మొహాలు చిట్లించుకుని తాగేవాళ్ళు. చేదు పోవడానికి ఎర్రమూతమ్మ చెంబులకు చెంబులు మంచినీళ్ళు తాగేసేది. నీలంమూతమ్మకి కూల్‌డ్రింకు కావాలి. ఆ పిచ్చి ఎంత ముదిరిందంటే, తెల్లారకుండానే వంటింట్లో ఫ్రిజ్ తలుపు చప్పుడయ్యేది.

చూస్తుండగానే ఎర్రమూతమ్మ వాపు మాయమైంది. మెట్లు చకచకా ఎక్కేస్తోంది. నీలంమూతమ్మ వేలు మాత్రం ఉడికిన బంగాళాదుంపలా అలాగే ఉంది. ఆవిడ గోడ పట్టుకుని నడుస్తుంటే, ఎదురుగా కూర్చున్న ఎర్రమూతమ్మకి ముద్ద దిగేది కాదు.

ఇవాళ గుట్టు విప్పే రోజు. అల్లుడు హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుని ఒకటే కాలు ఆడిస్తున్నాడు. వెనకాల కూతురు, చెరోపక్కా అమ్మలు.

“వచ్చేసింది!” అని కుర్చీలోంచి ఎగిరినంత పని చేశాడు. “నీలంమూతలో ఉన్నదే మన సారం! ఎర్రమూతలోవి రంగునీళ్ళు!”

కూతురు చప్పట్లు కొట్టింది. అల్లుడి వేలు తెర మీద కిందికి జారుతూ జారుతూ ఆగిపోయింది. మొహంలో వెలుగు పోయింది.

“ఏమైంది?”

“నీలంమూత వాళ్ళలో కొందరికే తగ్గింది. మా అమ్మకి అసలు తగ్గలేదు. అందరికన్నా ఎక్కువ తగ్గిన మనిషి తాగినవి రంగునీళ్ళు.”

“ఎవరా మహాతల్లి?”

“మీ అమ్మే.”

నీలంమూతమ్మ తల వంచుకుని చేతిలోని కూల్‌డ్రింకు గ్లాసులోకి చూసింది.

“రంగునీళ్ళకే ఇంత గుణముంటే నీ సారం గొప్పేమిటని అడుగుతున్నారు మేడమ్. ఈ పని ఇంతటితో ఆపేయమంటున్నారు” అన్నాడు అల్లుడు. ఏళ్ళ తరబడి ఆకులు నూరిన మనిషి. లాప్‌టాప్ మూసేశాడు.

ఎర్రమూతమ్మ వియ్యపురాలి వంకా అల్లుడి వంకా చూసింది. నోరు విప్పితే పరువు పోతుంది. విప్పకపోతే అల్లుడి కష్టమంతా మట్టిపాలు.

“ఆపొద్దు బాబూ!” అంది ఒక్కసారిగా లేచి. “అసలు మందు తాగింది నేనే. వారం వారం మూతలు మార్చేశాను. మీ అమ్మగారి మందు నేను తాగి, రంగునీళ్ళు ఆవిడ చేత తాగించాను. తప్పయిపోయింది వదినగారూ, ఏం తిడతారో తిట్టండి!”

“అమ్మా!” అంది కూతురు నోటి మీద చెయ్యేసుకుని.

అల్లుడు మాత్రం అత్తగారి రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పినంత పని చేశాడు. “అత్తయ్యా! ఎంత మంచి తప్పు చేశారు! అంటే మీకు తగ్గింది సారం వల్ల! అమ్మకి తగ్గనిది రంగునీళ్ళు తాగడం వల్ల! పనిచేసింది! నా మందు పనిచేసింది!”

“నిజమేనా బాబూ?”

“ఇంకా సందేహమా? ఉండండి, ముందు మేడమ్‌కి చెప్పాలి!” అని ఫోనందుకుని నంబరు నొక్కేశాడు. అవతల రింగవుతోంది. కూతురు ఇల్లెగిరిపోయేలా ఈల వేసింది. ఎర్రమూతమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది.

“ఫోను పెట్టెయ్యరా నాన్నా” అంది నీలంమూతమ్మ.

అందరూ అటు తిరిగారు. ఆవిడ కూల్‌డ్రింకు గ్లాసు మెల్లిగా బల్ల మీద పెట్టింది. ఎవరి మొహమూ చూడకుండా, వాచిన వేలినే చూసుకుంటూ అంది.

“తప్పు నాది కూడా వదినగారూ. వారం వారం సీసాలొచ్చిన మర్నాడు, మీరెవరూ లేవకముందే నేనూ మూతలు మార్చేశాను.”