చెవి వైపు చిల్లు

"ఈ పక్కన కూడా ఒక చిల్లు పెట్టండి అంకుల్. శబ్దమంతా ముందుకే పోతోంది, నా చెవికి రావాలి," అంది కీర్తన, నా నోటికేసే చూస్తూ.

పటమటలో నాది గిటార్ల రిపేరు షాపు. ఇప్పటికే నాచేత తీగలు మార్పించింది, పైచెక్క పలచన చేయించింది. నాకు విసుగొచ్చింది.

"ప్రయాణాల్లో పట్టుకెళ్ళే బుల్లి గిటారమ్మా ఇది. ఎంతని మోగుద్ది?"

"రేపు స్టేజి మీద వాయించాలి అంకుల్. మీ కాళ్ళు పట్టుకుంటా."

చిల్లు పెట్టాను. దాని దగ్గరగా చెవి పెట్టి, గట్టిగా కళ్ళు మూసుకుంది. తీగలన్నీ ఒక్కసారే మీటాను. పక్క టీకొట్టులో జనం ఇటు తిరిగారు. మళ్ళీ మీటాను, ఇంకా బలంగా.

కళ్ళు తెరవకుండానే అంది:

"ఇక మొదలుపెట్టండి అంకుల్. వింటున్నా."