నీడ మాయమయ్యే వేళ

“బాబాయ్, మీ చేలో ఎవడో కర్ర పాతేడు!”

అచ్చిబాబు కేక వినగానే వెంకటరాజు అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తాడు. చెయ్యి కూడా కడుక్కోలేదు.

పక్కూళ్ళో గ్యాస్ పైపులైను వాళ్ళు ముందు కర్రలే పాతారు. ఆ తర్వాత చేలు తవ్వారు, కొబ్బరిచెట్లు కూల్చారు. వెంకటరాజుకి ఉన్నదల్లా ఆ ఒక్క చేనే. అది పోతే ఇల్లు గడవదు, అలహాబాదు హాస్టల్లో ఉన్న కూతురి చదువూ సాగదు.

కోతలయిన చేను. వైశాఖం ఎండ మాడ్చేస్తోంది. నడిమధ్యన నిటారుగా ఓ కర్ర. దాని ముందు గొంతుక్కూర్చున్న కళ్ళజోడు మనిషి.

“ఎవరండీ మీరు?”

“చెప్తానండి, కాసేపు ఆగండి.” తలెత్తలేదు. “ఇది వెంకటరాజు గారి చేనే కదండీ?”

వెంకటరాజు వెనకే వచ్చిన అచ్చిబాబు వైపు చూశాడు. పేరుతో సహా వచ్చాడంటే కాయితాలు అయిపోయినట్టే! సర్వే వాళ్ళు పేరడిగితే ఎవరూ పలకకూడదని ఊరి కట్టుబాటు.

“అలాంటి మనిషి ఈ ఊళ్ళోనే లేడండి.”

తన పేరు తానే కొట్టేసుకున్నాడు మహానుభావుడు.

“అయ్యో, చేను పొరబడ్డానేమో... టైము లేదండి, ఇదైనా సరే.”

“ముందు కర్ర పీకండి.”

“ఇప్పుడు కాదండీ! నీడ చూడండి, బెత్తెడే ఉంది. కాసేపట్లో పూర్తిగా మాయమైపోద్ది. అది కళ్ళారా చూసి వెళ్ళిపోతాను.”

“నీడ మాయమైపోద్దా?” అచ్చిబాబు విరుచుకుపడ్డాడు. “చేను మాయం చెయ్యడానికొచ్చి మాకు కబుర్లా?”

నీడ వేలెడయింది.

“దణ్ణం పెడతానండి. మళ్ళీ ఇలాంటి రోజు వానాకాలంలో గానీ రాదు. అప్పుడు ఎండుండదు.”

వెంకటరాజు మనసు ఒక్క క్షణం మెత్తబడింది. అంతలోనే పక్కూరి కొబ్బరిచెట్లు గుర్తొచ్చాయి. కర్ర పెరికి, మోకాలికి ఆనించి ఫెళ్ళున విరిచేశాడు.

ఆ మనిషి గొడవ పడలేదు. ఓసారి సూర్యుడి వైపు చూసి, సంచీ భుజాన వేసుకుని బస్సు రోడ్డెక్కాడు.

ఊరిని గెలిపించినంత ధీమాగా వెంకటరాజు తిరిగొస్తుంటే, కొట్టులోంచి సంపూర్ణమ్మ కేకేసింది.

“అన్నయ్యగారూ, ఫోను! మీ సాయిదుర్గ.”

“నాన్నా, పొద్దున్నించి లైను కలవట్లేదు. నీడ పూర్తిగా పోయిందా?”

“ఏం నీడమ్మా?”

“వెనకటికి గ్రీకు పండితుడొకాయన రెండూళ్ళ నీడలు పోల్చి, భూమి చుట్టుకొలతెంతో లెక్క కట్టేడు. నేనూ అదే చేస్తున్నాను. ఇక్కడ నా కర్ర నీడ కొలిచేసేను. అక్కడ ఇవాళ సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు కదా, నీడ లేదని చెబితే లెక్క పూర్తవుద్ది. ఢిల్లీ పోటీకి ఇవాళే ఆఖరు.”

వెంకటరాజు ఫోను పట్టుకునే కొట్టు గుమ్మంలోకొచ్చాడు. రోడ్డు వైపు చూశాడు. బస్సు వెళ్ళిపోయింది.

“చెప్పు నాన్నా! ఇక్కడ మా బళ్ళో మాస్టారు, మన తెలుగాయనే, నాకోసం సెలవు పెట్టి, రైల్లో నిలబడి మరీ వచ్చేరు. వేరేవాళ్ళ చేలో అయితే ఎవరన్నా అడ్డుపడతారని, నేనే ఆయన్ని మన చేలోకి పంపేను.”