రెండు రకాల వేడి

వేడెక్కిన ప్లాస్టిక్ షీటు మధ్యలో బాన పొట్టలా జారింది కానీ అంచులు బిర్రుగానే ఉన్నాయి. కార్ఖానా నడిపే ఆయన మీట నొక్కాడు. పంపు గాలి లాగేసరికి షీటు అచ్చు మీద పడి, మూలలన్నీ ముడతలు తేలి, ఒక మూల పటుక్కున చిరిగింది. పసిపిల్లల నీళ్లతొట్టి కావాల్సింది తొక్కిన డబ్బాలా తయారైంది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆయన భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. ఆవిడ వాళ్లక్క ఇంటి నుంచి సరాసరి వచ్చింది. ఇద్దరూ కలిసి వెళ్లాల్సిన పని ఉండటంతో బయట ఆటో ఆపే ఉంచింది. ఆయనా ఇస్త్రీ చొక్కాలోనే ఉన్నాడు.

మెషీన్లోని పాత హీటర్లు పాడయ్యాయి. రేపు ఉదయం తొట్టి నమూనా చూపిస్తేనే ఆర్డరు దక్కుతుంది. రెండు దుకాణాల వాళ్లు రెండు రకాల ఇన్‌ఫ్రారెడ్ హీటర్లు ఇచ్చి, పనికొచ్చినవి ఉంచుకోమన్నారు. ఆయన మొగ్గు పింగాణీ వాటికే, ఇప్పుడు బిగించినవీ అవే. నిదానంగా కాగినా దళసరి షీటు లోపలిదాకా మెత్తబడుతుందని ఆయన వాదన.

"షీటును పట్టుకున్న ఇనుప చట్రం అంచుల వేడినంతా తాగేస్తోంది," అందావిడ. "అక్కడ పెంచాలి, మధ్యలో తగ్గించాలి. ఆ రెండో రకం, క్వార్ట్జ్ గొట్టాలు పెట్టి చూడండి."

అవి పైపైన మాడ్చేసి లోపల పచ్చిగా వదిలేస్తాయని ఆయన అడ్డం తిరిగాడు. చూడకుండానే తీర్పా అని ఆవిడ అడిగింది. ఆ ఒక్క మాటతో ఆయన స్పానర్ అందుకున్నాడు. ఆవిడ కొంగు నడుముకు చెక్కి, ఆటోను పంపేయమని మెషీన్ పక్కనున్న మేస్త్రీకి చెప్పింది.

గొట్టాలు చిటికెలో ఎర్రబడ్డాయి. తొలి షీటు నడిమధ్యన పొగ వచ్చి గోధుమరంగు మచ్చ తేలింది. నేను చెప్పలేదా అని ఆయన అంటాడని మేస్త్రీ చెవులు మూసుకున్నంత పనిచేశాడు. ఆయన ఆ మాట అనలేదు. మూలనున్న తీగ జల్లెడ ముక్క తెచ్చి, మధ్యలో గొట్టాల కింద నీడలా కట్టాడు.

"ఇది నాకు తట్టలేదే," అందావిడ.

"అంచుల సంగతి నాకు తట్టిందా?"

ఆవిడ గొట్టాలను చట్రం వైపు జరిపింది. ఆయన షీటు నిదానంగా లోపలిదాకా కాగేట్టు కరెంటు తగ్గించాడు. ఆఫీసు గదిలో ఫోన్ మోగింది. మేస్త్రీ గుర్తుచేస్తే మోగనీ అన్నారు, ఇద్దరూ ఒకేసారి.

ఈసారి షీటు పట్టుగుడ్డలా సమంగా జారింది. అచ్చు మీద నుంచి తొట్టి నునుపుగా ఊడివచ్చింది. ఒక్క ముడత లేదు. నీళ్లు నింపి చూశారు, చుక్క కారలేదు. ఆవిడ దోసెడు నీళ్లు ఆయన మీద చిమ్మింది. ఇస్త్రీ చొక్కా తడిసి ముద్దయింది. ఆయన నవ్వీ నవ్వీ కింద కూలబడ్డాడు. ఆ కార్ఖానాలో ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో మేస్త్రీకి గుర్తు రాలేదు.

ఫోన్ మళ్లీ మోగింది. ఇక తప్పదని మేస్త్రీయే వెళ్లి ఎత్తాడు. అవతలి వాళ్లు విసుక్కున్నదంతా ఓపిగ్గా విని, ఆఫీసు కిటికీ అద్దంలోంచి ఆ ఇద్దరినీ ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఆ విడాకులు ఇక కుదరవండీ, లాయరుగారూ."