నడిమి కిటికీ

"ఈ నడిమి కిటికీ ఎందుకమ్మా ఖాళీగా వదిలినావు?" సంఘపెద్ద లాజరస్ అడిగాడు.

సుప్రియ బొమ్మ కింద పెట్టి నిచ్చెన దిగింది. ఆ ఊరి పాత చర్చికి నిలువెత్తు కిటికీలు, కప్పు కింద గాలి కన్నాలు. కట్టినవాళ్ళెవరో గాలి విలువ తెలిసిన మహానుభావులు. ఆ కిటికీల ఆకారంలోనే సుప్రియ క్షయ ప్రచారం బొమ్మలు గీసి గోడకు వరసగా తగిలిస్తోంది. ఇంట్లోకి గాలి రానివ్వండి, రెండు వారాలు దగ్గితే పరీక్ష చేయించుకోండి, మందులు మధ్యలో ఆపకండి అని.

"నడిమిది జబ్బు నయమైన మనిషికి సార్. అక్కడ నిలబడి సాక్ష్యం చెబితేనే జనం నమ్ముతారు."

"ఎవురన్నా ఒప్పుకున్నారా?"

"లేదు సార్." సుప్రియ తలదించుకుంది.

"ఎట్ట ఒప్పుకుంటారు? తెలిస్తే చుట్టాలు గడప తొక్కరు. మన ఫ్లోరాని చూడు, రెండు నెల్ల నుంచి దగ్గతా ఉంది. అడిగితే దుమ్ము అంటుంది. చంటిబిడ్డ తల్లి, నాకు భయంగా ఉంది."

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల వేళ వచ్చింది. అప్పుడు సుప్రియ అద్దెకుండే ఇంటావిడ ఆనందకుమారి లేచి, కొంగు తలమీదికి సర్దుకుని, నడిమి కిటికీ కింద నిలబడింది.

"నాకు టీబీ వచ్చింది. ఆరు నెలలు మాత్రలు మింగినాను. మొదట్లో అన్నం సయించలా. ఆ మందుకు మూత్రం ఎర్రగా వస్తే చచ్చిపోతాననుకున్నా. అయినా మానలేదు. దేవుడి దయవల్ల నయమైంది."

ఆమె తిరిగొచ్చి కూర్చోగానే పక్కావిడ కాస్త ఎడంగా జరిగింది. ఆనందకుమారి పట్టించుకోలేదు. వెనక వరసలో సుప్రియకు ఏడుపు ఆగలేదు.

బిడ్డనెత్తుకుని ఫ్లోరా లేచింది. "నాకూ పరీక్ష చేయించండయ్యా." ఆమె వెనకే ఇంకో ఎనిమిదిమంది.

బయటికొచ్చాక సుప్రియ ఆనందకుమారి చేతులు పట్టుకుంది. "ఈ మేలు జన్మలో మరిచిపోను ఆంటీ."

"ఆ ఫ్లోరా బతికితే చాలు గదా అమ్మణ్ణీ."

"రేపట్నించి మీ ఇంటికి ఎవరూ రాకపోతే?"

"పోనీలే. ఈ వయసులో నాకేమన్నా పెళ్ళిచూపులున్నాయా?" ఆనందకుమారి నవ్వేసింది.

నిజానికి ఆ ఆరు నెలలూ మాత్రలు మింగింది సుప్రియ.