సరికి సరి

టాస్ గెలిచి బ్యాటింగ్ కోరుకున్న బత్తలపల్లి కెప్టెన్ ఓబులేసు, ఎదుటి టీమ్ బౌలర్ షహీన్‌ను చూసి అడ్డం తిరిగాడు. “ఆ పిల్ల దిగితే మేం ఆడం, మామా. మగోళ్ల టీమ్‌లో ఆమెకేం పని?”

ధర్మవరం టీమ్‌ను నడిపే పట్టుచీరల వ్యాపారి చౌడప్ప గొంతు తగ్గించాడు. ఆట ఆగితే టీమ్ చొక్కాల మీద వేయించిన తన అంగడి పేరు చదివేవాడుండడు.

“ఈ ఒక్కసారికి కూర్చో, అమ్మీ.”

“నేను కూర్చునేదానికి రాలేదు, మామా. వాళ్లనే ఇంటికి పొమ్మను.”

ఓబులేసు దగ్గరికొచ్చాడు. “ఊరికే అడగలేదులే. మేమూ మా మహేష్‌ను ఆపుతాం. సరికి సరి.”

మహేష్ వాళ్ల ఓపెనర్. పోయిన మ్యాచ్‌లో సెంచరీ కొట్టినవాడు.

చౌడప్పకు నవ్వొచ్చింది. పనికిరాని చీరకు బదులు తన మంచి చీర ఇస్తానన్నవాణ్ణి ఆయన అంగడిలో ఇంతవరకు చూడలేదు.

“ఏమబ్బా, ఆమెకేం పని అంటివి. మళ్లీ మహేష్‌కు సమానమని నువ్వే ధర కడితివి. ఈ బేరం నాకొద్దు.”

కొత్త బంతి షహీన్ చేతిలో పెట్టాడు.

“మహేష్‌ను దించు. ఆడకుండా పోతే, ఆడపిల్లకు భయపడి పోయినారని అంగడికొచ్చే ప్రతివాడికీ చెప్తా.”

షహీన్ పోయి రన్నప్ కొలుచుకుంది. అవతల మహేష్‌కు ప్యాడ్లు బిగించుకోక తప్పలేదు.