ఎవరిని కలవాలి

సోమవారం పొద్దున ఆఫీసు గేటు దగ్గర కార్డు పెడితే తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి.

స్వాతి, టెస్టింగ్ టీమ్. మరణించారు.

స్వాతి కార్డును చున్నీతో తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ మరణించింది.

తప్పు తనదే. ప్రొద్దుటూరులో అవ్వ పోయిందని ఫోన్ వచ్చిన రోజు బస్సులో ఏడుస్తూనే సెలవు ఫారం నింపింది. చనిపోయిన వారి పేరు అనే గడిలో, అలవాటు కొద్దీ తన పేరు రాసేసింది. సిస్టమ్ సెలవు మంజూరు చేసింది. పనిలో పనిగా ఆమెనూ తీసేసింది.

హెచ్ఆర్ సౌజన్య ఫోన్లో ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"సరిచెయ్యమని సిస్టమ్‌లో టికెట్ రెయిజ్ చెయ్యండి."

"లాగిన్ కావడం లేదండీ."

"చనిపోయినవాళ్ళకి లాగిన్ ఉండదండి."

"మరి నేనెట్లా చేసేది?"

"చెయ్యాలండి. పది పనిదినాల్లో సరికాకపోతే రికార్డు పూర్తిగా క్లోజ్ అయిపోతుంది."

స్వాతి కూకట్‌పల్లి హాస్టల్లో ఒకే గదిలో నలుగురితో రెండేళ్ళు సర్దుకుని, తొమ్మిది ఇంటర్వ్యూలు పోగొట్టుకుని, పదోదానిలో తెచ్చుకున్న ఉద్యోగం అది.

గేటు పక్క కుర్చీలోంచి ముసలి సెక్యూరిటీ పోచయ్య లేచాడు. చేతిలో లావుపాటి విజిటర్ల రిజిస్టర్.

"ఇటు రా బిడ్డా. పేరేంది?"

"స్వాతి."

"ఎవల్ని కలవాలె?"

ఆమె చెప్పేలోపే ఆ గడిలో కూడా ఆయనే 'స్వాతి' అని రాశాడు. ఆమె చేత సంతకం పెట్టించాడు. చివరి గడిలో చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంకేదో గీకి, విజిటర్ కార్డు ఇచ్చాడు.

పైన ఆమె కుర్చీలో ఆమె ఫోటో ఉంది.

"నువ్వు బతికే ఉన్నావని నాకు తెలుసు స్వాతీ," అన్నాడు టీమ్ లీడ్ హేమంత్, ఇబ్బందిగా. "కానీ మెయిల్ వెళ్ళిపోయింది."

పదకొండింటికి సంతాప సభ. రెండు నిమిషాల మౌనానికి స్వాతి కూడా లేచి నిలబడింది. కూర్చుంటే బాగుండదు కదా. ఆమె ఎంత మంచిదో హేమంత్ చెప్పుకొచ్చాడు. బతికుండగా ఒక్కసారీ అనని మాటలు వింటుంటే ఆమెకు ఏడుపు ఆగలేదు. ఆ తర్వాత ఆమె పని పక్క సీటు దినేష్‌కి ఇచ్చారు.

మర్నాడూ అదే తంతు.

"పేరేంది బిడ్డా? ఎవల్ని కలవాలె?"

ఆ మర్నాడూ అంతే. పోచయ్య ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసేవాడు. వెనక లైను పెరిగేది. తనను కలవడానికి తానే వచ్చిన అమ్మాయిని చూసి కుర్రకారు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు.

పదో రోజు పొద్దున స్వాతి ఇక ఉగ్గబట్టుకోలేకపోయింది.

"దినామూ ఇదే అడుగుతావేంది తాతా? నేనెవరో నీకు తెలీదా? అందరూ నన్ను చూసి నవ్వాలనే గదా?"

పోచయ్య తలెత్తలేదు.

"అడగాలె బిడ్డా. అడిగి రాయాలె. జర ఓపిక పట్టు."

కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టి ఆమె పైకి వెళ్ళిపోయింది. గేటు దగ్గర ముసలాయన ఉద్యోగుల్ని అవమానిస్తున్నాడని హేమంత్ లాగిన్ నుంచి ఫిర్యాదు పెట్టించింది. ఆమె గురించి హేమంత్ పెట్టిన టికెట్‌కి పది రోజులుగా ఉలకని పలకని సిస్టమ్, దీనికి మాత్రం గంటలో పలికింది. తగిన చర్య తీసుకున్నాం, ధన్యవాదాలు.

నాలుగింటికి సౌజన్య ఒక రిజిస్టర్ పట్టుకుని స్వయంగా వచ్చింది.

"కంగ్రాట్స్ అండి. ఇప్పట్నుంచి మీరు బతికున్నట్టే."

"ఎట్లా?"

"పాత రూల్ ఒకటుంది, ఎవరికీ గుర్తులేదు. పొరపాటున చనిపోయినట్టు ఎక్కినవాళ్ళని, బిల్డింగులో ఎవరైనా వరసగా పది రోజులు చూసి, గేటు రిజిస్టర్లో సాక్షి సంతకం పెడితే చాలు. ఆ గార్డుని తీసేసినప్పుడు ఇది మా దగ్గరికి వచ్చింది. చూడండి."

చివరి గడి పైన 'సాక్షి' అని ఉంది. దాని కింద పది రోజులూ ఒకే మాట.

మనిషి బతికే ఉన్నది. నేను చూసిన. పోచయ్య.

స్వాతికి తల కొట్టేసినట్టయింది. రిజిస్టర్ పట్టుకునే కిందికి పరుగెత్తింది. కుర్చీ లేదు. దాని చోట స్టాండుకు బిగించిన ట్యాబ్ ఉంది. పక్కన సూపర్‌వైజర్ సంతోష్ నిలబడి ఉన్నాడు.

"పోచయ్య తాత ఎక్కడ?"

"పంపించేసినం మేడం. నోటీసు గిట్ల ఇయ్యాల్సిన పని గూడ పడలే. ఏజెన్సీ లిస్టుల చూస్తే ఆయన మూడేండ్ల కిందనే సచ్చిపోయిండని ఉన్నది."

"మరి ఇన్నాళ్ళూ ఎట్లా చేసినాడు?"

"పొద్దుగాల వచ్చి కూసునేటోడు. ఎవ్వలం అడగలే."

"ఫోన్ నంబరు ఇస్తావా? ఊరైనా చెప్పన్నా."

"సచ్చిపోయినోళ్ళవి ఉంచం మేడం."

స్వాతి గేటు పక్క అరుగు మీద కూలబడి రిజిస్టర్ మొదటి పేజీ తీసింది. మూడేళ్ళ కిందటి తేదీ. పొద్దున ఆరు గంటలకు, అందరికంటే ముందు, దిద్దినట్టున్న అక్షరాలతో ఒక వరుస. పేరు: పోచయ్య. ఎవరిని కలవాలి: పోచయ్య.

పేజీ తిప్పింది. మర్నాడూ అదే వరుస. గబగబా తిప్పుకుంటూ పోయింది. ఇవాళ్టి దాకా ఏ రోజూ తప్పలేదు.

ఒక్క రోజు కూడా, ఆ వరుస చివర సాక్షి గడిలో ఎవరి సంతకమూ లేదు.